మిట్టమధ్యాహ్నం తడిసిన గిట్టలు

జూన్ 4

పిల్లోడి కుడి ముందుగిట్టలో చీలిక మరో గోరంత పైకి పాకింది. ఎడమదానిలో సన్న గీతలు, పాతకుండ మీద నెర్రెల్లా. వెనక కాళ్ళు కాస్త నయం.

ఇంకా పేరు లేదు కనుక అందరం పిల్లోడనే పిలుస్తాం. రెండేళ్ళు నిండని గుర్రప్పిల్ల. మొదటి స్వారీ నాడు తనే పేరు పెడతానని దర్రాజీ అన్నాడు.

దర్రాజీ నా భర్త అని రాయబోయి ఆగాను. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు, నాకు తెలియదా? అయినా రాస్తాను. నా భర్త దర్రాజీ, పిల్లోడి తల్లి హమామా మీద ఎక్కి, దక్షిణపు ఒడ్డున పెళ్ళిలో స్వారీకని ఉప్పునేలకు అడ్డంగా వెళ్ళాడు. ఊళ్ళోవాళ్ళందరూ చుట్టూ తిరిగి రోడ్డున పోయారు. తల్లి వెనకాలే పిల్లోడూ పరిగెత్తాడు. మూడోనాడు సాయంత్రం పిల్లోడొక్కడే వచ్చాడు. మోకాళ్ళ దాకా ఉప్పు గట్టిపడి ఉంది. కడిగితే కింద గిట్టలు ఇలా ఉన్నాయి.

మగవాళ్ళు వెళ్ళి వెతికారు. నేల పైకి గట్టిగా ఉంది, అడుగున ఇంకా వసంతపు బురదే. కొంతదూరం పోయి తిరిగొచ్చారు.

జూన్ 7

ఇవాళ కూడా పిల్లోడు పడుకోలేదు. నిలబడే కునుకుతున్నాడు. ముఖం ఎప్పుడూ ఉప్పునేల వైపే.

జూన్ 11

లాడాలు కొట్టే బూజెమా వచ్చాడు. సంచీ కిందపెట్టి గిట్టలు చూశాడు, తర్వాత తన మడమలు చూసుకున్నాడు.

"మా ఇద్దరివీ ఒకటే జాతి. మా ఆవిడ నాకు కొవ్వు రాయడం మానేసింది, వీడికి నువ్వన్నా రాస్తున్నావు" అన్నాడు.

దగ్గరికి పోగానే పిల్లోడు వెనక్కాలితో గోడను తన్నాడు. సున్నం రాలింది. నేను పోయి భుజం ఆనించి "కాలు" అంటే ఇచ్చాడు. నేను కాలు ఒళ్ళో పెట్టుకుని పట్టుకుంటే బూజెమా అటువైపు నుంచి చేయి మాత్రం చాపి గీకాడు. పిల్లోడు నా వీపు మీద గడ్డం ఆనించాడు. వేడి ఊపిరి మెడ మీద తగులుతోంది.

"విను ముబార్కా. చీలిక కిందినుంచి పైకి పోతుంది. వెంట్రుకలు మొదలయ్యే గీత దాకా పోయిందా, ఇక వీడు గుర్రం కాదు, మాంసం. రోజూ ఆ నల్లటి తారు, కత్రాన్ తైలం పట్టించు. వారానికోసారి గోరింటాకు ముద్ద కట్టు. పొడిగా ఉంచు. తడవడం ఎండడం, తడవడం ఎండడం, గిట్టను చంపేది అదే. గిట్ట పైనుంచి పెరగాలి, కొత్తది కిందికి దిగాలి. తొందరపడితే కుదరదు."

మామయ్య తలుపు దగ్గర కర్ర మీద గడ్డం ఆనించి వింటున్నాడు. కళ్ళలో తెల్లపొర వచ్చాక ఆయన అన్నీ చెవులతోనే చూస్తాడు.

"ఎప్పటికి నడుస్తాడు?"

"ఊరేగింపుకా హాజీ?"

"ఉప్పునేల మీద."

బూజెమా నవ్వు మానేశాడు. సంచీ సర్దుకుంటూ నాతో మెల్లగా అన్నాడు: "నేను లాడాలు కొట్టేవాణ్ణమ్మా. గోతులు తవ్వేవాణ్ణి కాను."

జూన్ 12

మామయ్య ఆలోచన ఇప్పుడు అర్థమైంది. పిల్లోడు వచ్చిన దారినే మళ్ళీ తీసుకెళ్తాడట. బురదలో దిగబడకుండా ఒక్కడే తిరిగొచ్చాడంటే గట్టినేల ఎక్కడుందో ఆ కాళ్ళకు తెలుసట. ఎండ ముదిరాక, వానలకు ముందు వెళ్ళాలట.

అత్తమ్మ మగ్గం దగ్గర కూర్చుని అంతా విన్నది. నూలు తెంపి ముడివేసింది. దర్రాజీ పోయిన రోజు నుంచి ఆమె అవసరమైతే తప్ప మాట్లాడదు.

ఇమామ్ గారు మామయ్యతో చెప్పిన మాట వంటింట్లోంచి నేనూ విన్నాను. శవం దొరికితే నేను విధవల గడువు, ఇద్దత్ కూర్చుని లేస్తాను, తర్వాత నా దారి నాది. దొరక్కపోతే ఏళ్ళ తరబడి ఆగాలి. ఆయన భార్యను కాకుండా పోలేను, ఆయన విధవనూ కాలేను.

నాకేం తొందర లేదు. దర్రాజీ వస్తాడు.

జూన్ 15

కత్రాన్ వాసన రొట్టెలకు కూడా పడుతోంది. అత్తమ్మ ముక్కు మూసుకుని తింటోంది. మామయ్య నవ్వాడు, ఈ నెలలో మొదటిసారి. తర్వాత నవ్వినందుకు సిగ్గుపడ్డట్టు లేచి వెళ్ళాడు.

జూన్ 19

మధ్యాహ్నం నిద్రలేచి కొట్టంలోకి వెళ్తే పిల్లోడి నాలుగు గిట్టలూ తడిగా ఉన్నాయి. బూడిదరంగు బురద. వేళ్ళతో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు.

తాడు కట్టినట్టే ఉంది. కొట్టం తలుపు గొళ్ళెం వేసినట్టే ఉంది.

నీళ్ళతొట్టి ఒలికిందా అని చూశాను. తొట్టి నిండుగా ఉంది.

జూన్ 20

మళ్ళీ.

జూన్ 22

అత్తమ్మతో చెప్పాను. మగ్గం ఆపకుండానే అంది:

"మధ్యాహ్నం కొట్టం వైపు పోతున్నావా?"

"నిద్ర లేచాకే."

"లేవకముందు పోకు. ఎండ నెత్తిన ఉన్నంతసేపూ ఆ వాకిలి మనది కాదు. మా అమ్మ చెప్పేది, ఉప్పు కింద ఉన్నవాళ్ళు ఆ వేళే పైకొస్తారని."

"పిల్లోడి కాళ్ళు తడిశాయత్తమ్మా. ఎవరు తడుపుతారు?"

"నాకేం తెలుసు? నేను పడుకుని ఉంటాను." అని మళ్ళీ అంది: "పోకు."

జూన్ 24

ఈ ఇంట్లో మధ్యాహ్నం ఎలా ఉంటుందో ఇదివరకు గమనించలేదు. వీధిలో కుక్క కూడా ఉండదు. గోడలు తెల్లగా మండుతాయి. చాలా దూరంలో ఉప్పుపెచ్చు ఎండకు పగులుతుంది. ఒక్కో పగులు ఒక్కో అడుగులా వినిపిస్తుంది. ఒకటి. ఆగుతుంది. ఇంకొకటి.

లేవలేదు. అత్తమ్మ మాట విన్నాను.

జూన్ 27

ఇవాళ కాస్త ముందే లేచాను. కొట్టం వెనక, ఉప్పునేల వైపు వెళ్ళే వాలులో తడి ఇంకా ఆరలేదు. పిల్లోడి గిట్టల గుర్తులు పోతూ వస్తూ ఉన్నాయి. వాటి పక్కనే మనిషి అడుగులు.

బూట్లు. ఎడమ మడమ బయటివైపు అరిగిన బూట్లు.

ఆ మడమ నాకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో ఆ బూట్లు నేనే తుడిచేదాన్ని. ఎందుకిలా ఒకవైపే అరుగుతాయని అడిగితే చిన్నప్పుడు హమామా తల్లి తొక్కిన కాలు అని చెప్పాడు. ఆ పెళ్ళికి ఆయన పండగ బూట్లు వేసుకెళ్ళాడు. పాతవి తలుపు వెనకే ఉన్నాయి.

ఇంట్లోకి పరిగెత్తి చూశాను. తలుపు వెనక అక్కడే ఉన్నాయి. పొడిగా, శుభ్రంగా ఉన్నాయి. అంత శుభ్రంగా ఎప్పుడున్నాయో గుర్తులేదు.

కాలితో మట్టి కప్పి ఆ గుర్తులన్నీ చెరిపేశాను. మామయ్యకు కనబడవు. అత్తమ్మకు కనబడకూడదు.

జూన్ 28

ఆయనే. ఇంకెవరు?

వాళ్ళ నాన్న ముందుకు రావడానికి మొహం చెల్లడం లేదు. చెల్లదు మరి. స్వారీ బృందానికి పెద్దగా తనను నిలబెట్టమని అడిగితే మామయ్య నలుగురిలో అన్న మాట చిన్నది కాదు. "కళ్ళెం పట్టుకునే చేయి కాదు నీది, చీపురు పట్టుకునేది" అన్నాడు. అందరూ నవ్వారు. అందుకే ఉప్పునేలకు అడ్డంగా పోయింది. ఎక్కడో ఒడ్డున ఎవరింట్లోనో ఉండి, అందరూ పడుకున్నాక వచ్చి పిల్లోణ్ణి చూసుకుని పోతున్నాడు.

నన్ను కూడా చూసి పోతున్నాడేమో. కిటికీ తెరిచే పడుకుంటాను.

జూలై 1

పొద్దున రొట్టె ఒకటి ఎక్కువ చేశాను. అడిగితే పిండి మిగిలిందన్నాను. గుడ్డలో చుట్టి కొట్టం గోడ మీద పెట్టాను. నాలుగు ఖర్జూరాలు కూడా.

సాయంత్రానికి లేదు. గుడ్డ మడతపెట్టి ఉంది. కాకి గుడ్డ మడతపెట్టదు.

జూలై 2

రొట్టె తిన్నాడు.

జూలై 3

రొట్టె తిన్నాడు. ఖర్జూరపు గింజలు గోడ మీద వరసగా పెట్టాడు.

జూలై 8

కళ్ళు మూసుకుని పడుకుని వింటున్నాను. తలుపు. గిట్టల శబ్దం మెత్తగా, మట్టిలో. చాలాసేపు ఏమీ ఉండదు. ఉప్పు పగిలే చప్పుడు. మళ్ళీ గిట్టలు. మళ్ళీ గొళ్ళెం.

లేవను. చూస్తే రాడు. ఎందుకో అలా గట్టిగా అనిపిస్తోంది. చూడకుండా ఉన్నంతకాలం వస్తాడు.

పిల్లోడి గిట్టలు తుడిచి, ఆరబెట్టి, కత్రాన్ రాశాను. ఎడమదానిలో రెండు గీతలు కలిసి ఒకటయ్యాయి. ఎండాకాలం కదా.

జూలై 13

పిల్లోడు కుంటుతున్నాడు. కొంచెమే.

జూలై 14

"నడుస్తున్నాడా?" అని మామయ్య అడిగాడు.

"నడుస్తున్నాడు" అన్నాను.

"అబద్ధం. నాలుగు కాళ్ళ చప్పుడు లేదు, మూడున్నర ఉంది."

ఆయన కొట్టంలోకి వచ్చి గడ్డి మీద కూర్చున్నాడు. తర్వాత పిల్లోడితో మాట్లాడుతున్నట్టు అన్నాడు: "వాడు నా మాట మీద పోయాడు. నా కొడుకు ఎక్కడున్నాడో నా చేత్తో తడిమి చూడాలి. అంతే నేను అడిగేది. ఇంకేం వద్దు."

గోడ మీది గుడ్డ ఆయనకు కనబడదు. చెప్పేద్దామనుకున్నాను. వస్తున్నాడు మామయ్యా, రోజూ వస్తున్నాడు అని. చెబితే ఆయన కూర్చుని కాపు కాస్తాడు. కాపు కాస్తే రాడు.

జూలై 19

కుంటుతున్నాడని ఈ నాలుగు రోజులుగా రోజూ గోరింటాకు ముద్ద కడుతున్నాను. పొద్దున కడితే సాయంత్రానికి సగం కొట్టుకుపోయి ఉంటోంది. నీకు తెలియదా దర్రాజీ, నీళ్ళలో దింపకూడదని? నాకంటే నీకే ఎక్కువ తెలుసు కదా.

జూలై 25

బూజెమాను పిలిపించాను. కుడిగిట్ట చూసి ఈసారి జోకు వేయలేదు.

"వేలెడు కూడా లేదు పైగీతకి. ఏం చేశావమ్మా?"

"మీరు చెప్పిందంతా చేశాను."

"కత్రాన్ కింద ఉప్పు ఉంది. గిట్ట మెత్తబడి ఉంది. వీణ్ణి రోజూ ఎవరో బురదలోకి దింపుతున్నారు. నేను ముప్పయ్యేళ్ళుగా కాళ్ళే చూస్తున్నాను, కాళ్ళు అబద్ధాలు ఆడవు."

కొలిమి రాజేసి ఇనుప కడ్డీ ఎర్రగా కాల్చాడు. చీలిక పైకొసకు అడ్డంగా గాడి పెట్టాలట, అక్కడితో ఆగుతుందట. నేను కాలు పట్టుకున్నాను. పొగ, కాలిన గోరు వాసన. పిల్లోడు కదల్లేదు. వణికాడు. వాడి వణుకు నా పక్కటెముకల్లో తెలిసింది.

వెళ్తూ బూజెమా అన్నాడు: "ఈ గాడిని దాటితే నన్ను పిలవొద్దు. కసాయిని పిలువు. దింపేది ఎవరో కనిపెట్టు. కనిపెట్టడం ఇష్టం లేకపోతే అదైనా ఒప్పుకో."

జూలై 26

ఏమీ రాయలేను.

జూలై 28

చూశాను.

రొట్టె గోడ మీద పెట్టి, లోపలికి పోయినట్టు పోయి, కొట్టం అటకమీద గడ్డిలో దూరాను. చెమట కళ్ళలోకి కారుతోంది. తుడుచుకోలేదు. ఊరంతా ఆగిపోయాక గొళ్ళెం మెల్లగా లేచింది.

బూట్లు ముందు కనబడ్డాయి. "దర్రాజీ" అని పిలవబోయాను.

బూట్ల పైన అత్తమ్మ నీలం పావడా అంచు ఉంది.

ఆమె తాడు విప్పింది. పిల్లోడి నుదురు నిమిరింది. ఇద్దరూ వాలు దిగారు. ఎండలో ఉప్పునేల వెలుగుతోంది, దాని అంచు ఎక్కడో ఆకాశం ఎక్కడో తెలియడం లేదు. అంచున ఊట ఉన్నచోట ఆమె ఆగింది. పిల్లోణ్ణి చీలమండల దాకా బురదలో నిలబెట్టి, తను పక్కన నిలబడి ఉప్పునేలలోకి చూస్తూ ఉండిపోయింది. పిల్లోడి చెవులు రెండూ ముందుకి నిక్కి ఉన్నాయి. ఇద్దరూ ఏదో వింటున్నట్టు ఉన్నారు. నేనూ విన్నాను. ఏమీ లేదు. పగుళ్ళు తప్ప.

అటక దిగి, వెళ్ళి వెనక నిలబడ్డాను. ఆమె ఉలిక్కిపడలేదు.

"ఉప్పు కాళ్ళు తినేస్తుంది. అందుకే వాడి బూట్లు" అంది.

"అత్తమ్మా, దీని కాళ్ళు పోతాయి."

"పోవాలనే."

ఆ మాట ఎంత మామూలుగా అన్నదంటే, పొయ్యిలో కట్టె పెట్టాలి అన్నంత మామూలుగా.

"వీడు బాగైతే మీ మామయ్య వీడి వెనక పోతాడు. పోయి ఏదో ఒకటి పట్టుకొస్తాడు. ఎముకో, గుడ్డపేలికో. అదిగో నీ కొడుకు అని నా ఒళ్ళో పెడతాడు. నాకొద్దు. వీడు కుంటినంతకాలం నా కొడుకు దారిలో ఉన్నట్టే."

నాకు ఏడుపు రాలేదు. సిగ్గేసింది. నెలరోజులుగా ఒంటిమీద కొత్త బట్టతో పడుకుంటున్నాను.

"రొట్టె?" అని అడిగాను.

ఆమె మొదటిసారి నా వైపు తిరిగింది. ముఖమంతా ఉప్పు గీతలు.

"నేనే తిన్నాను తల్లీ. నాకు ఆకలి ఉండదు. అయినా తిన్నాను. అలాగే వదిలేస్తే సాయంత్రం నువ్వు చూసి ఏమైపోతావోనని."

పిల్లోణ్ణి బురదలోంచి నేనే లాగాను. ఆమె అడ్డు చెప్పలేదు. వాలు ఎక్కుతుంటే ఆ బూట్లు పెద్దవై ఆమె కాళ్ళలోంచి జారుతున్నాయి. చేయి పట్టుకున్నాను.

జూలై 29

మామయ్యకు చెప్పలేదు. చెప్పొద్దని ఆమె అడగలేదు, నేనూ మాటివ్వలేదు.

గిట్టలు పొడిగా ఉన్నాయి.

ఆగస్టు 6

అత్తమ్మ పొద్దున తనే గోరింటాకు నూరింది. పళ్ళెం తెచ్చి నా పక్కన కూర్చుని ముద్దలు చేసి అందించింది. పెళ్ళికూతురికి పెట్టినంత శ్రద్ధగా గుడ్డ చుట్టింది. ఎందుకు మనసు మార్చుకుందో అడగలేదు. మార్చుకోలేదేమో కూడా. చేయి అందించిందంతే.

ఆగస్టు 17

గాడి నిలబడింది. చీలిక దాన్ని దాటలేదు. పైన వెంట్రుకల కింద నున్నటి కొత్త గిట్ట, సన్నటి ఉంగరంలా.

మధ్యాహ్నాలు నిద్ర పట్టడం లేదు. ఎవరూ రారని తెలుసు. అయినా చెవి అటే.

ఆగస్టు 30

పిల్లోడు ఇవాళ పడుకున్నాడు. కాళ్ళు చాపి, పక్కకు ఒరిగి, చచ్చినవాడిలా. పరిగెత్తి వెళ్ళి ముక్కు దగ్గర చేయి పెట్టాను. నిద్ర.

సెప్టెంబరు 7

బూజెమా ముందుకాళ్ళకు లాడాలు కొట్టాడు. "పెళ్ళికొడుకు తయారు" అన్నాడు. ఎవరూ నవ్వకపోతే మేకులు ఏరుకున్నాడు. "చీలిక కిందికి దిగడానికి ఇంకా నెలలు పడుతుంది హాజీ. మెల్లగా నడిపించండి" అన్నాడు.

ఉత్తరాన మబ్బులు కనబడుతున్నాయట. మామయ్య ఎల్లుండి అన్నాడు. పిల్లోడు నా వెంట తప్ప రాడు కనుక నేనూ పోవాలి.

సెప్టెంబరు 9

తెల్లవారకముందే రాయడం మొదలుపెట్టి ఆపాను. ఇప్పుడు సాయంత్రం. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్నే బయల్దేరాం. మామయ్య నా భుజం మీద చేయి వేసి, రెండో చేత్తో పొడుగాటి కర్ర పట్టుకున్నాడు. పిల్లోడి తాడు నా చేతిలో, వదులుగా. మొదట వాడు అంచున నిలబడి ముట్టెతో ఉప్పును వాసన చూశాడు. తర్వాత నడిచాడు. నేరుగా కాదు. కొంతదూరం తూర్పుకి, మళ్ళీ వెనక్కి, ఏమీ లేనిచోట పక్కకు తప్పుకుని. వాడు తప్పుకున్న చోటల్లా మామయ్య కర్ర గుచ్చాడు. కర్ర పెచ్చు కింద మోచేతిదాకా దిగిపోయేది. వాడు నడిచినచోట మాత్రం ఠంగుమనేది.

"చూశావా, చూశావా" అన్నాడు.

వెనక్కి చూస్తే ఇల్లు ఉప్పురాయంత ఉంది. గోడ మీద అత్తమ్మ నిలబడి ఉందో, ఎండ అలా చూపిస్తోందో. ఇంకాస్త పోయాక అదీ లేదు. చుట్టూ తెలుపు. మా అడుగుల కింద నేల డొల్లగా మోగుతోంది, కింద ఎవరో మాతోపాటు నడుస్తున్నట్టు. మేం ఆగితే ఒక అడుగు ఆలస్యంగా ఆగుతోంది.

పిల్లోడు తలెత్తి పిలిచాడు. పొడుగ్గా, గొంతు చీరుకుపోయేలా. తాడు లాక్కుని ముందుకి పరిగెత్తాడు.

హమామా అక్కడ ఉంది. నిలబడే ఉంది. పొట్టదాకా నేలలో దిగి, మెడ చాపి, గట్టు ఎక్కబోతున్నట్టు. ఎండకు, ఉప్పుకు కుళ్ళలేదు. చర్మం ఎముకలకు అంటుకుని తెల్లగా అయింది. కనురెప్పల వెంట్రుకల మీద కూడా ఉప్పు. దూరానికి బతికున్నట్టే కనబడింది. పిల్లోడు పోయి ఆమె ముఖం నాకడం మొదలుపెట్టాడు. నెమ్మదిగా, పనిగా, నుదుటి నుంచి ముక్కు దాకా నాకుతుంటే కింద ఆమె అసలు బూడిదరంగు బయటపడుతోంది.

మామయ్య చేతులు చాపి నడిచి ఆమెను ముట్టుకున్నాడు. మెడ తడిమాడు. జూలు. వీపు. వీపు మీద చేయి ఆగింది. అటూ ఇటూ తడిమాడు.

"జీను లేదు" అన్నాడు.

లేదు. నేనూ చూశాను. వీపు మీద ఉప్పు పొర తప్ప ఏమీ లేదు. కళ్ళెం కూడా లేదు.

నేను చుట్టూ తిరిగి చూశాను. ఆయన కర్రతో ఒక్కో జానెడూ గుచ్చుతూ పోయాడు. గుడ్డపేలిక లేదు. బూటు లేదు. ఎముక లేదు. అవతల దక్షిణపు ఒడ్డు కొండలు కనబడుతున్నాయి, నడిచిపోగలిగినంత దగ్గరగా ఉన్నట్టు. ఉప్పునేల మీద దూరాలను నమ్మకూడదు.

మామయ్య హమామా నీడలో కూర్చున్నాడు.

"మునుగుతున్న గుర్రానికి ఎవడైనా ముందు జీను తీస్తాడు. బరువు తగ్గాలని. తీసి, కళ్ళెం విప్పి, ఊపిరాడనిచ్చి, వెనకనుంచి తోస్తాడు. తోస్తూ తోస్తూ తనే దిగిపోతాడు." ఆమె మెడ మళ్ళీ తడిమి అన్నాడు: "వెళ్ళిపోదలుచుకున్నవాడూ జీను తీసుకునే పోతాడు. మా తాత జీను అది. వెండి దారం పని. దాన్ని వదిలిపోడు."

"మీకేమనిపిస్తోంది మామయ్యా?"

"కళ్ళెం పట్టుకునే చేయి కాదని అన్నాను. కళ్ళెం ఎంత ఒడుపుగా విప్పాడో చూడు. చెవి దగ్గర వెంట్రుక కూడా తెగలేదు." ఆయన చెంపలు తుడుచుకోలేదు. "నాకేం తెలియడం లేదమ్మా. తెలుస్తుందనుకుని వచ్చాను."

తిరిగి వస్తుంటే ఇల్లు మళ్ళీ కనబడ్డాక ఆయన నా భుజం మీది చేయి తీశాడు.

"మీ అత్తమ్మ నిన్నే అడుగుతుంది. నేను గుడ్డివాణ్ణి, నా మాట నమ్మదు. ఇంట్లో నువ్వేం చెబితే అది నిజం. నీ బతుకు కూడా అందులోనే ఉంది, ఆలోచించుకో. తర్వాత నేను ఒక్క మాట అనను."

ఆలోచించుకునేంత దారి మిగల్లేదు.

అత్తమ్మ గోడ దగ్గరే ఉంది. పిల్లోడి ముట్టె మీది ఉప్పు చూసింది. నీళ్ళు ఇచ్చింది. మేం తాగేదాకా ఆగింది.

"హమామా దొరికిందా?"

"దొరికింది."

"వాడు?"

"కనబడలేదు."

ఆమె కాసేపు చెంబు వంక చూసింది. తర్వాత అడిగింది: "జీను ఉందా?"

మామయ్య ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"ఉంది" అన్నాను.

"పట్టీ బిగించే ఉందా?"

"బిగించే ఉంది."

ఆమె తల ఊపింది. చాలాసేపు ఊపుతూనే ఉంది. "గుర్రాన్ని జీనుతో వదిలేసి పోయే పిల్లాడు కాదు వాడు. చేతులు ఆడితే విప్పేవాడు" అంది. "అయితే నా కొడుకు లేడు."

గోడ పట్టుకుని కిందికి కూర్చుంది. అప్పుడు ఏడ్చింది. ఈ నెలలన్నిటిదీ ఒక్కసారే ఏడ్చింది. నేను ఆమె తల ఒళ్ళో పెట్టుకున్నాను.

సెప్టెంబరు 10

మసీదులో శవం లేని నమాజు చేశారు. ఊరంతా వచ్చింది. అత్తమ్మ గోధుమరవ్వ కుస్కుస్ తనే కలిపింది, తనే వడ్డించింది.

నేను ఇద్దత్ మొదలుపెట్టాను.

సెప్టెంబరు 14

అత్తమ్మ మధ్యాహ్నాలు నిద్రపోతోంది. గురక పెడుతోంది కూడా. బుగ్గలకు కొంచెం రంగు వచ్చింది. మంచిపని చేశాను.

ఆమె కోసమే చెప్పాను.

సెప్టెంబరు 18

మా అన్నయ్య కబురు పంపాడు. గడువు అయ్యాక వచ్చి తీసుకెళ్తాడట. అక్కడ ఎవరో అడిగారట, మంచివాడట, బడిపంతులట. ఇంత తొందరగా ఎవరు చెప్పమన్నారు? అత్తమ్మే విని "పోవాలి తల్లీ, నీ వయసెంత?" అంది.

కోపం రాలేదు. రావాలి కదా. నేను ఆమె కోసమే చెప్పాను.

సెప్టెంబరు 23

పిల్లోడి గిట్టల్లో కొత్తది వేలి వెడల్పు దిగింది. గట్టిగా, మెరుస్తూ. మామయ్య రోజూ వచ్చి వేలితో తడిమి చూస్తాడు. నాతో మాట్లాడతాడు, గడ్డి గురించి, నీళ్ళ గురించి. అన్న మాట ప్రకారం ఆ ఒక్క సంగతీ ఎత్తడు. కొట్టంలో మేమిద్దరమే ఉన్నప్పుడు మాత్రం నా ఊపిరి వింటున్నట్టు తల వంచుకుంటాడు.

సెప్టెంబరు 29

మధ్యాహ్నం కిటికీ మూసి పడుకున్నాను. ఉక్కపోత. అవతల నుంచి ఎవరైనా నడిచివస్తే ఎన్నాళ్ళు పడుతుంది? కొండల మీదుగా అయితే? మొహం చెల్లక ఓ చలికాలం ఎక్కడో పనిచేసుకుని, తర్వాత వస్తే? వచ్చేసరికి నేను పంతులుగారింట్లో ఉంటే?

పిచ్చి ఆలోచనలు. జీను ఉంది కదా.

అక్టోబరు 2

హమామాను రెండోసారి చూడాలని మామయ్య అన్నాడు. ఎందుకని అడిగాను. జూలు కొంచెం కత్తిరించి తెచ్చుకుంటాడట, అంతే. పిల్లోడు మళ్ళీ కుంటుతున్నాడని చెప్పాను.

ఆయన కొట్టం వైపు చెవి పెట్టాడు. లోపల పిల్లోడు తిరుగుతున్నాడు. నాలుగు కాళ్ళూ సమానంగా పడుతున్నాయి.

"అలాగేనమ్మా" అన్నాడు.

అక్టోబరు 6

వాన మొదలైంది.

అక్టోబరు 9

మూడు రోజులుగా ఆగలేదు. ఇవాళ పొద్దున గోడ మీదినుంచి చూస్తే ఉప్పునేల లేదు. నీళ్ళు. ఈ చివరినుంచి ఆ కొండల దాకా ఒకే నీళ్ళు, ఆకాశం తలకిందులుగా అందులో. వచ్చే ఎండాకాలానికి పెచ్చు మళ్ళీ కడుతుంది, కొత్తగా, నున్నగా. కింద ఉన్నవన్నీ ఇంకా కిందికి పోతాయి.

ఇక ఎవరూ పోయి చూడలేరు.

జీను వీపు మీదే ఉంది. వెండి దారం ఎండకు మెరిసింది. పట్టీ బిగించి ఉంది, వేలు కూడా దూరనంత బిగువు. నేను దగ్గరగా వెళ్ళి కళ్ళారా చూశాను.